డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్

విలియం హాల్స్ రివర్స్ రివర్స్ (మార్చి 12, 1864 - జూన్ 4, 1922) ప్రసిద్ధ ఆంగ్ల వైద్యుడు, మనస్తత్వ శాస్త్రవేత్త, మానవ శాస్త్రవేత్త. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మనసు చెదిరిన సైనికాధికారులకు స్కాట్లాండులోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ సైనిక ఆసుపత్రిలో ఈయన చేసిన చికిత్స వైద్యచరిత్రలో ఒక ముఖ్య ఘట్టము. యుద్ధభూమిలో మనసు దెబ్బతినడం పిరికితనం కాదని, అది కూడా చికిత్సకు అర్హమైన వ్యాధియేనని ఈయన విశ్వసించాడు. భయంకరమైన జ్ఞాపకాలను బలవంతంగా అణచిపెట్టుకోవడం రోగిని మరింత క్రుంగదీస్తుందని, వాటిని నమ్మకమైన వ్యక్తి ఎదుట చెప్పుకొని ఎదుర్కొన్నప్పుడు ఉపశమనం కలుగుతుందని బోధించాడు. సైనికుల మానసిక ఆరోగ్యం కొరకు, వారిలో ఆత్మహత్యల నివారణ కొరకు నేడు జరుగుతున్న కృషికి తొలినాళ్ళలో బాట వేసినవారిలో ఈయన ఒకడు. దక్షిణ భారతదేశంతో కూడా ఈయనకు సంబంధమున్నది. 1901-02లో నీలగిరి కొండలలో తోడా తెగవారిపై పరిశోధన చేసి ప్రామాణిక గ్రంథం రచించాడు.

కుటుంబ నేపథ్యము, బాల్యము

రివర్స్ ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, చాటం పట్టణ సమీపంలోని లూటన్ గ్రామంలో జన్మించాడు. తండ్రి హెన్రీ ఫ్రెడరిక్ రివర్స్ క్రైస్తవ మతాచార్యుడు. నత్తి మొదలైన ఉచ్చారణ లోపాలను సరిదిద్దడంలోనూ ఆయనకు ప్రవేశముండేది. తల్లి ఎలిజబెత్. ఆమె సోదరుడు జేమ్స్ హంట్ నత్తి చికిత్సలో పేరుపొందినవాడు, 1863లో లండనులో మానవశాస్త్ర సంఘాన్ని స్థాపించినవాడు. ప్రసిద్ధ బాలసాహిత్య రచయిత లూయీ కారొల్ తన నత్తికి చికిత్స కోసం ఈ కుటుంబాన్ని ఆశ్రయించి, ఆ ఇంటి పిల్లలతో స్నేహంగా ఉండేవాడు.

ఉచ్చారణ లోపాలకు చికిత్స చేసే కుటుంబంలో పుట్టినప్పటికీ రివర్స్‌కు జీవితాంతం కొంత నత్తి ఉండిపోయింది. సభలలో మాట్లాడడానికి ఆయన ఇబ్బంది పడేవాడు. మాట పెగలకపోవడంలోని బాధ ఆయనకు స్వయంగా తెలుసు. యుద్ధంలో మాట పడిపోయిన సైనికుల గురించి తరువాతి కాలంలో ఆయన రాసిన విషయాలను చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోదగినది.

విద్య, తొలి ఉద్యోగాలు

టాన్‌బ్రిడ్జ్ పాఠశాలలో చదువుతున్న కాలంలో రివర్స్‌కు టైఫాయిడ్ జ్వరం సోకింది. దానివలన కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ఉపకార వేతన పరీక్షకు హాజరు కాలేకపోయాడు. అందుచేత లండనులోని సెయింట్ బార్తొలోమ్యూ ఆసుపత్రిలో వైద్యవిద్యలో చేరి 1886లో పట్టభద్రుడయ్యాడు. 1888లో ఎం.డి. పట్టా పొందాడు. కొంతకాలం ఓడలలో వైద్యునిగా ప్రయాణించాడు. 1891లో లండను క్వీన్ స్క్వేర్‌లోని నరాల వ్యాధుల జాతీయ ఆసుపత్రిలో చేరాడు. అక్కడనే ఆయనకు మెదడుకు, మనసుకు గల సంబంధంపై ఆసక్తి కలిగింది. 1893 నుండి కేంబ్రిడ్జిలో ఇంద్రియ జ్ఞానము, ప్రయోగాత్మక మనస్తత్వ శాస్త్రము బోధించాడు. బ్రిటనులో మనస్తత్వ శాస్త్రాన్ని ప్రయోగశాల శాస్త్రంగా నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యుడు.

టోరెస్ జలసంధి యాత్ర

1898లో ఆల్ఫ్రెడ్ హాడన్ నాయకత్వంలో కేంబ్రిడ్జి నుండి ఒక పరిశోధక బృందం ఆస్ట్రేలియాకు, న్యూగినియాకు మధ్యనున్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్ళింది. అందులో రివర్స్‌తో పాటు ఆయన శిష్యులు చార్లెస్ మయర్స్, విలియం మెక్‌డూగల్, వైద్యుడు చార్లెస్ సెలిగ్మన్ కూడా ఉన్నారు. ఆదిమ జాతుల ఇంద్రియాలు నాగరికులమని చెప్పుకునేవారి ఇంద్రియాలకంటే అసాధారణంగా చురుకైనవన్న నమ్మకం ఆనాడు ఉండేది. రివర్స్ ద్వీపవాసుల చూపును పరీక్షించి, తేడా కంటిలో కాక అలవాటులోను, పరిసరాలపై వారు చూపే శ్రద్ధలోను ఉన్నదని తేల్చాడు. మనుష్యులందరి మనసు మౌలికంగా ఒకే తీరుగా పనిచేస్తుందన్న దృష్టి ఈ పరిశోధనలలో కనిపిస్తుంది.

ఈ యాత్రలోనే ఆయన వంశవృక్ష పద్ధతిని రూపొందించాడు. ఒక వ్యక్తి దగ్గర కూర్చొని, అతని తల్లిదండ్రులు, తోబుట్టువులు, బంధువుల పేర్లు ఓపికగా అడిగి నమోదు చేసి, దాని ఆధారంగా ఆ సమాజపు కట్టుబాట్లను అర్థం చేసుకోవడం ఈ పద్ధతిలోని ముఖ్యాంశము. ఈ పద్ధతి తరువాత మానవశాస్త్ర విద్యార్థులందరికీ పాఠ్యాంశమయింది. ఈ బృందంలోని మయర్స్, మెక్‌డూగల్, సెలిగ్మన్, రివర్స్ నలుగురూ పదహారు, పదిహేడు సంవత్సరాల తరువాత యుద్ధంలో మనసు చెదిరిన సైనికులకు చికిత్స చేయడం గమనార్హము.

నీలగిరులలో తోడాల మధ్య

1901-02లో రివర్స్ అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నీలగిరి కొండలలో కొన్ని నెలలు గడిపాడు. నేటి కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలు కూడా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. ఉదకమండలం పరిసరాలలో నివసించే తోడాలు గేదెల పెంపకం జీవనాధారంగా గల చిన్న తెగ. అప్పటికి వారి సంఖ్య సుమారు 800 మాత్రమే. వారి పాడిశాలలే వారికి ఆలయాలు, పాడిపని చేసేవారే పూజారులు. దుబాసీల సహాయంతో రివర్స్ వారి బంధుత్వాలను, వివాహ పద్ధతులను, అంత్యక్రియలను వివరంగా నమోదు చేశాడు. 1906లో వెలువడిన "ది తోడాస్" అనే గ్రంథం దక్షిణ భారత తెగల అధ్యయనంలో నేటికీ ప్రస్తావనకు వస్తుంది.

ఈ పరిశోధన సమయంలో రహస్యమైన ఆచారాలను ఆయనకు తెలియజేసిన కొందరికి కష్టాలు కలిగాయి. ఆ రహస్యాలను బయటపెట్టడం వలననే కీడు కలిగిందని తోడాలు భావించారు. దాని వలన తన పనికి ఆటంకం కలిగిన సంగతిని రివర్స్ తన గ్రంథంలో దాచకుండా రాశాడు. మనిషి లోపలి మాటను బయటకు రప్పించేవానిపై బాధ్యత కూడా ఉంటుందన్న విషయం ఈ ఉదంతం వలన తెలుస్తుంది.

నరాల ప్రయోగము

1903లో రివర్స్ మిత్రుడు, నరాల వైద్యుడు హెన్రీ హెడ్ తన ఎడమ ముంజేతిలోని ఒక నరాన్ని శస్త్రచికిత్స ద్వారా తానే కోయించుకున్నాడు. స్పర్శజ్ఞానం క్రమంగా ఎలా తిరిగి వస్తుందో తెలుసుకోవడం ఈ ప్రయోగపు ఉద్దేశము. 1907 వరకు, అంటే నాలుగేళ్ళకు పైగా, వారాంతాలలో కేంబ్రిడ్జిలోని రివర్స్ గదులలో ఈ పరీక్షలు జరిగాయి. హెడ్ కళ్ళు మూసుకొని కూర్చునేవాడు. రివర్స్ సూదితోను, దూదితోను, వేడి, చల్లని వస్తువులతోను పరీక్షించి ఫలితాలను నమోదు చేసేవాడు. 1908లో ఫలితాలు ప్రచురింపబడ్డాయి. అదే సంవత్సరం రివర్స్ రాయల్ సొసైటీ సభ్యుడుగా ఎన్నికయ్యాడు. 1915లో ఆ సంస్థ రాయల్ పతకంతో ఆయనను సత్కరించింది.

షెల్ షాక్ సమస్య

1914లో మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమయిన కొద్ది నెలలలోనే బ్రిటిష్ సైనిక వైద్యులకు ఒక విచిత్రమైన సమస్య ఎదురయింది. ఒంటిపై గాయం లేని సైనికులు వణుకుతూ, మాట పడిపోయి, చూపు కోల్పోయి, కాళ్ళు చచ్చుబడి ఆసుపత్రులకు రాసాగారు. కొందరు నిద్రలో కేకలు వేసేవారు. కొందరు తమ పేరు కూడా మరచిపోయేవారు. 1915 ఫిబ్రవరిలో చార్లెస్ మయర్స్ ఇటువంటి ముగ్గురు రోగుల గురించి "లాన్సెట్" వైద్యపత్రికలో రాసిన వ్యాసం ద్వారా "షెల్ షాక్" అనే మాట వైద్య గ్రంథాలలోకి వచ్చింది. ఫిరంగి గుండ్ల పేలుడు మెదడును కుదిపివేయడమే దీనికి కారణమని మొదట అనుకున్నారు. కాని పేలుడుకు దగ్గరగా లేనివారిలో కూడా అవే లక్షణాలు కనిపించడంతో కారణం మనసులోనే ఉన్నదని వైద్యులలో పలువురు గ్రహించారు. యుద్ధం ముగిసేసరికి బ్రిటిష్ సైన్యంలో ఇటువంటి రోగుల సంఖ్య సుమారు 80,000 అని అంచనా.

సైనిక అధికారుల దృష్టి వేరుగా ఉండేది. గుండు పేలినందున వ్యాధి వచ్చిందని నిర్ధారణ అయినవానిని గాయపడినవానిగాను, మిగిలినవారిని కేవలం రోగులుగాను లెక్కించారు. మొదటివానికి దక్కే గౌరవం, పింఛను హక్కు రెండవవానికి ఉండేవి కావు. 1917లో షెల్ షాక్ అనే మాటనే నివేదికలలో వాడరాదని ఆదేశించారు. యుద్ధరంగం వదలి వెళ్ళిన నేరానికి, పిరికితనం నేరానికి మరణశిక్ష ఉండేది. ఆ విధంగాను, అటువంటి ఇతర సైనిక నేరాలకును కాల్చివేయబడిన 306 మందికి బ్రిటిష్ ప్రభుత్వం 2006లో చట్టం ద్వారా మరణానంతర క్షమాపణ ప్రకటించింది. వారిలో మనసు చెదిరినవారు కూడా ఉన్నారని చరిత్రకారులు భావిస్తున్నారు.

చికిత్సలలో కూడా కాఠిన్యము ఉండేది. రివర్స్ ఒకప్పుడు పనిచేసిన క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలోనే లూయిస్ యీలాండ్ అనే వైద్యుడు మూగబోయిన సైనికుల గొంతుకు విద్యుత్తు ప్రయోగించి మాట రప్పించేవాడు. మరికొన్ని చోట్ల పూర్తి విశ్రాంతి ఇచ్చి, జరిగినదంతా మరచిపొమ్మని చెప్పి పంపేవారు.

క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రి

యుద్ధం మొదలైనప్పుడు రివర్స్ పసిఫిక్ దీవులలో పరిశోధనలో ఉన్నాడు. 1915లో తిరిగివచ్చి లివర్‌పూల్ సమీపంలోని మగల్ సైనిక ఆసుపత్రిలో చేరాడు. 1916లో రాయల్ ఆర్మీ మెడికల్ కోర్‌లో కెప్టెన్ హోదా పొంది, ఎడింబరో నగర సమీపంలోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రికి వెళ్ళాడు. ఇది యుద్ధానికి ముందు స్నాన చికిత్సలు జరిపే విశ్రాంతి గృహము. దీనిని మనసు చెదిరిన అధికారుల కొరకు ఆసుపత్రిగా మార్చారు. పగటిపూట ఆటలతో, తోటపనితో సందడిగా ఉండే ఆ భవనం రాత్రి అయ్యేసరికి పీడకలల వలన కలిగే కేకలతో నిండిపోయేది. నిద్రపోవడానికి భయపడి రాత్రంతా మేలుకొని ఉండేవారు కూడా ఉండేవారు.

చికిత్సా పద్ధతి

రివర్స్ పద్ధతి మాటలతో కూడినది. రోగిని ఒంటరిగా కూర్చోబెట్టుకొని, తొందర లేకుండా, తీర్పు చెప్పకుండా వినేవాడు. 1917 డిసెంబరులో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్‌లో చదివి, 1918 ఫిబ్రవరిలో "లాన్సెట్"లో ప్రచురించిన వ్యాసంలో ఈ పద్ధతిని వివరించాడు. యుద్ధానుభవాలను అణచిపెట్టుకోవడం అనేది ఆ వ్యాసపు విషయము. ఆయన వాదనలోని ముఖ్యాంశాలు ఇవి.

1. భయం సహజమైనది. ప్రాణరక్షణ కోరుకునే స్వభావానికి, కర్తవ్య భావానికి మధ్య జరిగే సంఘర్షణ నుండి వ్యాధి పుడుతుంది. కర్తవ్య భావం లేనివానికి ఈ సంఘర్షణే ఉండదు. కనుక వ్యాధిని పిరికితనానికి గుర్తుగా భావించరాదు.

2. జరిగినదానిని తలచుకోవద్దని బంధువులు, మిత్రులు, వైద్యులు మంచి ఉద్దేశంతోనే సలహా ఇస్తారు. పగలు అణచిపెట్టిన జ్ఞాపకం రాత్రి పీడకల రూపంలో తిరిగివస్తుంది.

3. ఆ జ్ఞాపకాన్ని ఎదుర్కోవాలంటే అందులో మనసుకు ఆసరా కాగల ఒక అంశాన్ని వెదకి చూపాలి.

మూడవ అంశానికి ఆయన ఒక ఉదాహరణ చెప్పాడు. ఒక అధికారి తప్పిపోయిన మిత్రుని కోసం వెదకుతూ వెళ్ళి, అతని శరీరం ముక్కలై పడి ఉండడం చూశాడు. అప్పటినుండి ప్రతి రాత్రీ ఆ మిత్రుడు అదే రూపంలో కలలో కనిపించేవాడు. శరీరం ఆ స్థితిలో ఉన్నదంటే మరణం తక్షణమే సంభవించినదని, మిత్రుడు ఎక్కువసేపు బాధపడలేదని రివర్స్ వివరించాడు. అధికారికి ఆ మాట ఊరటనిచ్చింది. ఆ తరువాత ఒకనాడు కలలో అతడు భయం లేకుండా మిత్రుని సమీపించి, దుఃఖంతో వీడ్కోలు పలికినట్లు చూశాడు. భయం స్థానంలో దుఃఖం వచ్చింది. దుఃఖాన్ని మనిషి భరించగలడు.

అన్ని సందర్భాలలో ఇది సాధ్యం కాలేదు. మరొక అధికారి పేలుడుకు ఎగిరి ఒక శవంపై పడినప్పటి అనుభవంలో ఊరటనిచ్చే అంశమేదీ రివర్స్‌కు కనిపించలేదు. ఆ రోగికి సైన్యం నుండి విరమణ, పల్లెలో ప్రశాంత జీవనం తప్ప మార్గం లేదని నిర్ణయించాడు. తన పద్ధతి ఫలించని సందర్భాన్ని కూడా అదే వ్యాసంలో ప్రచురించడం ఆయన శాస్త్రీయ నిజాయితీకి నిదర్శనము.

మనసులో అణగి ఉన్న భావాలు వ్యాధికి కారణమవుతాయన్న సిగ్మండ్ ఫ్రాయిడ్ సిద్ధాంతాన్ని రివర్స్ కొంతవరకు అంగీకరించాడు. కాని ఆ భావాలన్నింటికీ మూలం లైంగిక వాంఛలేనన్న వాదాన్ని యుద్ధకాలపు అనుభవంతో తిరస్కరించాడు.

సీగ్‌ఫ్రీడ్ ససూన్ ఉదంతము

రివర్స్ రోగులలో మిక్కిలి ప్రసిద్ధుడు కవి సీగ్‌ఫ్రీడ్ ససూన్ (1886-1967). సాహసానికి మిలిటరీ క్రాస్ పతకం పొందిన ఈ అధికారి 1917లో యుద్ధం కొనసాగించడాన్ని నిరసిస్తూ బహిరంగ ప్రకటన చేశాడు. ఆ ప్రకటనను జూలై 30న బ్రిటిష్ పార్లమెంటులో చదివారు. సైనిక న్యాయస్థానంలో విచారణ జరిగే ప్రమాదముండగా, అతని మిత్రుడు, కవి రాబర్ట్ గ్రేవ్స్ పట్టుబట్టి అతనిని వైద్యమండలి ముందుకు పంపే ఏర్పాటు చేశాడు. ఆ విధంగా ససూన్ 1917 జూలైలో క్రెయిగ్‌లాక్‌హార్ట్ చేరాడు. మరొక కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ కూడా అప్పుడు అక్కడ ఉన్నాడు. అయితే ఓవెన్‌కు చికిత్స చేసినది రివర్స్ కాదు, ఆర్థర్ బ్రాక్ అనే వైద్యుడు. ఓవెన్ తిరిగి యుద్ధానికి వెళ్ళి నవంబరు 4, 1918న, యుద్ధవిరమణకు వారం రోజుల ముందు మరణించాడు.

ససూన్‌కు మనోవ్యాధి ఏదీ లేదని రివర్స్ త్వరలోనే గ్రహించాడు. అతడు ఆరోగ్యవంతుడు. యుద్ధం తప్పని నమ్మినవాడు. అటువంటివానిని మాటలతో ఒప్పించి తిరిగి యుద్ధరంగానికి పంపడం సైనిక వైద్యునిగా రివర్స్ విధి. వారిద్దరి మధ్య సంభాషణలు నెలల తరబడి సాగాయి. చివరకు తన క్రింది సైనికులను విడిచి తాను సురక్షితంగా ఉండడం సహించలేక ససూన్ 1917 నవంబరులో తిరిగి విధులలో చేరాడు. 1918 జూలైలో తలకు గాయమై లండను ఆసుపత్రిలో చేరినప్పుడు రివర్స్ అతనిని పరామర్శించాడు. రివర్స్ మరణించే వరకు వారి స్నేహం కొనసాగింది.

ఈ ఉదంతం రివర్స్‌ను కూడా మార్చింది. తన మరణానంతరం 1923లో ప్రచురితమైన "కాన్‌ఫ్లిక్ట్ అండ్ డ్రీమ్" గ్రంథంలో ఆయన తన కలలను కూడా విశ్లేషించాడు. సైనిక దుస్తులు ధరించి ఉన్నంతకాలం ఈ రోగితో యుద్ధం గురించి తాను స్వేచ్ఛగా చర్చించలేదని ఆయన అందులో అంగీకరించాడు. రోగి మేలు కోరే వైద్యుడు, సైన్యం మేలు కోరే అధికారి ఒకే మనిషి అయినప్పుడు కలిగే ధర్మసంకటం అది. నేటి సైనిక మనోవైద్యులకు కూడా ఈ సంకటం తప్పలేదు. ఆ గ్రంథంలో ఆత్మహత్య ప్రసక్తి గల ఒక రోగి కలను కూడా తీసుకొని, దాని వెనుకనున్న సంఘర్షణను పరిశీలించాడు.

వైమానిక దళ ఆసుపత్రి

1917 చివరలో రివర్స్ లండనులోని హాంప్‌స్టెడ్‌లో ఉన్న వైమానిక దళ ఆసుపత్రికి మనస్తత్వ శాస్త్రవేత్తగా వెళ్ళాడు. రోగుల అనుభవాన్ని తెలుసుకోవడానికి తాను కూడా విమానాలలో ప్రయాణించాడు. ప్రమాదంలో ఉన్నప్పటికీ ఏదో ఒక పని చేయగలిగినవాని మనసు తట్టుకోగలదని, ఏమీ చేయలేక కదలకుండా ఉండవలసినవాని మనసు త్వరగా చెదురుతుందని ఆయన గమనించాడు. నేలకు కట్టిన బెలూన్లలో కూర్చొని శత్రువును గమనించే సైనికుల స్థితి ఇందుకు ఆయన చూపిన ఉదాహరణ.

సామాన్య సైనికులలో మాట పడిపోవడం, అవయవాలు చచ్చుబడడం వంటి లక్షణాలు ఎక్కువగాను, అధికారులలో ఆందోళన, పీడకలలు ఎక్కువగాను ఉండేవి. సామాన్య సైనికుడు ఆజ్ఞకు ఎదురు చెప్పడానికి వీలులేనివాడు. అధికారి భయాన్ని బయటపెట్టరాదని చిన్ననాటినుండి నేర్చుకున్నవాడు, ఇతరుల ప్రాణాలకు బాధ్యుడు. ఈ తేడాను రివర్స్ వారి శిక్షణతోను, విధులతోను ముడిపెట్టి వివరించాడు.

చివరి సంవత్సరాలు, మరణము

యుద్ధం తరువాత రివర్స్ కేంబ్రిడ్జిలోని సెయింట్ జాన్స్ కళాశాలకు తిరిగివచ్చాడు. అంతకు ముందు ముభావంగా, ఒంటరిగా ఉండే ఆయన విద్యార్థులతో కలిసిమెలిసి ఉండే మనిషిగా మారాడని సమకాలికులు చెప్పారు. 1920లో "ఇన్‌స్టింక్ట్ అండ్ ది అన్‌కాన్షస్" గ్రంథాన్ని ప్రచురించాడు. షెల్ షాక్ సమస్యపై బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన సౌత్‌బరో విచారణ సంఘం ఎదుట సాక్ష్యం చెప్పాడు. ఆ సంఘపు నివేదిక 1922లో వెలువడింది. అదే సంవత్సరం లేబర్ పార్టీ తరపున లండను విశ్వవిద్యాలయ నియోజకవర్గం నుండి పార్లమెంటుకు పోటీచేయడానికి అంగీకరించాడు. కాని ఎన్నికలు రాకముందే పేగు మెలిపడిన హెర్నియా వ్యాధితో జూన్ 4, 1922న కేంబ్రిడ్జిలో మరణించాడు. ఆయన అవివాహితుడు.

పరిమితులు, విమర్శలు

రివర్స్ కృషికి పరిమితులు లేకపోలేదు. క్రెయిగ్‌లాక్‌హార్ట్ అధికారుల ఆసుపత్రి. గంటల తరబడి ఒక రోగి మాట వినే సదుపాయం లక్షలాది సామాన్య సైనికులకు అందలేదు. ఆయన చికిత్స ఎంతమందికి ఏ మేరకు గుణమిచ్చినదో నేటి ప్రమాణాలతో కొలవడానికి వీలు లేదు. రోగులను బాగుచేసి తిరిగి యుద్ధానికే పంపడం గురించి నైతికమైన విమర్శ కూడా ఉన్నది.

మాట్లాడించడం గురించి కూడా నేటి వైద్యశాస్త్రం ఒక హెచ్చరిక చేస్తున్నది. ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒకేసారి బలవంతంగా చెప్పించడం వలన వ్యాధి నివారణ జరగదని తరువాతి పరిశోధనలలో తేలింది. రోగి ఇష్టంతో, నమ్మకం కలిగిన తరువాత, క్రమంగా జ్ఞాపకాన్ని ఎదుర్కొనే చికిత్సలే ఫలితమిస్తున్నాయి. రివర్స్ ఆచరించినది కూడా బలవంతపు పద్ధతి కాదు.

ప్రభావము

వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుల అనుభవాల ఫలితంగా 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ఈ వ్యాధిని "పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్" అనే పేరుతో అధికారికంగా గుర్తించింది. నేడు దీనికి వాడుతున్న ముఖ్య చికిత్సలలో బాధాకరమైన జ్ఞాపకాన్ని తప్పించుకోకుండా సురక్షితమైన వాతావరణంలో ఎదుర్కోవడమే ప్రధానము. ఇది రివర్స్ ఆలోచనకు దగ్గరగా ఉన్నది.

ససూన్ 1936లో ప్రచురించిన "షెర్‌స్టన్స్ ప్రోగ్రెస్" గ్రంథంలో ఇతర పాత్రల పేర్లు మార్చినా రివర్స్ పేరును అలాగే ఉంచాడు. ఆంగ్ల రచయిత్రి పాట్ బార్కర్ 1991-95 మధ్య రాసిన మూడు నవలలలో రివర్స్ ప్రధాన పాత్ర. వాటిలో చివరిదైన "ది ఘోస్ట్ రోడ్" 1995లో బుకర్ బహుమతి పొందింది. మొదటి నవల "రీజెనరేషన్" 1997లో చలనచిత్రంగా వచ్చింది.

ముఖ్య రచనలు

ది తోడాస్ (1906)
కిన్‌షిప్ అండ్ సోషల్ ఆర్గనైజేషన్ (1914)
ది హిస్టరీ ఆఫ్ మెలనేసియన్ సొసైటీ (1914)
ఇన్‌స్టింక్ట్ అండ్ ది అన్‌కాన్షస్ (1920)
కాన్‌ఫ్లిక్ట్ అండ్ డ్రీమ్ (1923, మరణానంతరము)
మెడిసిన్, మాజిక్ అండ్ రెలిజియన్ (1924, మరణానంతరము)

భారతదేశము, తెలుగు ప్రాంతాలతో అన్వయము

మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు విదేశాలలో పనిచేశారు. సుమారు 74,000 మంది మరణించారు. నిజాం కాలపు అశ్వికదళం నుండి రూపొందిన 20వ దక్కన్ హార్స్ దళం జూలై 14, 1916న ఫ్రాన్సులోని సోమ్ రంగంలో, హైవుడ్ అనే అడవి దగ్గర శత్రువుపై గుర్రాలతో దాడి చేసింది. కొద్ది రోజుల తరువాత ఆ అడవి దగ్గరనే రాబర్ట్ గ్రేవ్స్ తీవ్రంగా గాయపడ్డాడు. గ్రేవ్స్ అనుభవాలు గ్రంథాలకెక్కాయి. హైదరాబాదు దళపు రౌతుల మనసులలో ఏమి మిగిలిందో అడిగి రాసుకున్న రివర్స్ వారికి లేడు. పైగా, చేతికి గాయమైన భారతీయ సైనికులు యుద్ధం తప్పించుకోవడానికి తామే గాయపరచుకుంటున్నారన్న అనుమానం అధికారులలో ఉండేది. బ్రైటన్‌లోని కిచెనర్ భారతీయ ఆసుపత్రి అధిపతి బ్రూస్ సీటన్ వేయి గాయాలను పరిశీలించి ఆ అనుమానానికి ఆధారం లేదని తేల్చాడు.

స్వతంత్ర భారతదేశంలో 1950 నాటి సైనిక చట్టం ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరాల జాబితాలో చేర్చింది. సాధారణ పౌరుల విషయంలో భారత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ ఇదే విధంగా ఉండేది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లు భావించి చికిత్స, పునరావాసం కల్పించవలసిన బాధ్యత ప్రభుత్వానిదని చెప్పింది. ఈ చట్టం 2018 మే నెలలో అమలులోకి వచ్చింది. జూలై 1, 2024 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో పాత 309వ సెక్షన్ లేదు. శిక్ష నుండి చికిత్స వైపు చట్టం నడచిన ఈ మార్గం రివర్స్ ఆనాడు కోరిన మార్గమే.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అనే ఉచిత టెలిఫోను సేవను 14416 సంఖ్యతో ప్రారంభించింది. 2023 డిసెంబరులో సైనికుల కొరకు, వారి కుటుంబాల కొరకు పుణెలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో దీనికి ప్రత్యేక విభాగం ఏర్పడింది. సికింద్రాబాదు కంటోన్మెంటు వలన, వేలాది మాజీ సైనిక కుటుంబాల వలన తెలుగువారికి ఈ విషయం దూరమైనది కాదు. సెలవుపై ఇంటికి వచ్చిన సైనికుడు నిద్రపట్టక తిరుగుతున్నప్పుడు, మాట తగ్గించినప్పుడు, చనిపోవాలన్న ఆలోచనను పైకి అన్నప్పుడు, ధైర్యవంతుడవు, మరచిపో అని చెప్పి ఊరుకోవడం మన ఇళ్ళలో సాధారణము. రివర్స్ శతాబ్దం క్రిందట తప్పుపట్టిన సలహా ఇదే. అతడు చెప్పేది వినడం, చనిపోవాలనిపిస్తున్నదా అని సూటిగా అడగడానికి వెనుకాడకపోవడం, అతనిని ఒంటరిగా వదలక వైద్యుని వద్దకు తోడు వెళ్ళడం అవసరము. ఆ విధంగా అడగడం వలన లేని ఆలోచన పుట్టదని వైద్యులు చెబుతున్నారు.